సెట్టు కొనే ముందు ఇంటిని వినండి

2020 జనవరి 31న బీబీసీ హిందీ షార్ట్‌వేవ్‌లో చివరి ప్రసారం చేసింది. 1940 మే 11న మొదలైన సర్వీసు అది. రెండేళ్ళు తిరిగాయో లేదో, 2022 మార్చి మొదటి వారంలో అదే బీబీసీ రెండు షార్ట్‌వేవ్ ఫ్రీక్వెన్సీలు కొత్తగా తెరిచింది. 15735 కిలోహెర్ట్జ్ ఒకటి, 5875 ఇంకొకటి. కీవ్ నగరానికీ, రష్యాలో కొన్ని ప్రాంతాలకూ రోజుకు నాలుగు గంటలు ఇంగ్లిషు వార్తలు. యుద్ధంలో సెల్ టవరు కూలవచ్చు, కేబుల్ తెగవచ్చు, వెబ్‌సైటును ప్రభుత్వమే మూసెయ్యవచ్చు. వేల కిలోమీటర్ల అవతల బయల్దేరి, పై వాతావరణాన్ని తాకి కిందికి దిగే తరంగానికి ఈ మూడూ అడ్డం రావు.

మూతపడ్డ స్టేషన్ల పట్టీ పొడవైనదే. కెనడా, నెదర్లాండ్స్ అంతర్జాతీయ రేడియోలు 2012లో షార్ట్‌వేవ్‌ను వదిలేశాయి. వాయిస్ ఆఫ్ రష్యా 2014లో, రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి చివర్లో అదే దారి పట్టాయి. 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికా ఉద్యోగులను సెలవు మీద పంపేయడంతో దశాబ్దాలుగా మోగిన గొంతు ఒక్క వారాంతంలో ఆగింది. ఇంకోవైపు న్యూజిలాండ్ తన పసిఫిక్ సర్వీసు కోసం 2024లో కొత్త ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంది. తుపానులు వచ్చే దీవులకు వార్త చేరాలంటే ఇదే నమ్మకమైన దారి అని ఆ దేశం లెక్క.

ఈ రోజుల్లో షార్ట్‌వేవ్ రేడియో కొనాలనుకునేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. స్టేషన్లు తగ్గాయి, పోలేదు. పొద్దుగూకాక 31 మీటర్ల బ్యాండు, అంటే 9400 నుంచి 9900 కిలోహెర్ట్జ్ మధ్య, ఓపికగా తిప్పుకుంటూ వెళితే చైనా రేడియో ఇంటర్నేషనల్ ఒకటికి నాలుగు భాషల్లో తగులుతుంది. జపాన్‌ ఎన్‌హెచ్‌కే, కొరియా కేబీఎస్, వాటికన్ రేడియో, రేడియో రొమేనియా, వాయిస్ ఆఫ్ టర్కీ వేళను బట్టి వినిపిస్తాయి. బీబీసీ ఇంగ్లిషు దక్షిణాసియా కోసం ఇంకా కొన్ని గంటలు షార్ట్‌వేవ్‌లో నడుస్తోంది. అడ్వెంటిస్ట్ వరల్డ్ రేడియో లాంటి మత ప్రసార సంస్థల పట్టీలో తెలుగు కూడా ఉంది.

తెలుగు ఇళ్ళలో ఈ అలవాటుకు పాత పునాది ఉంది. 1952లో కేస్కర్ సమాచార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు వినబడకుండా పోయింది. ఆ ఖాళీని సిలోన్ నింపింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం శ్రీలంకలోని ఎకలలో తలపెట్టిన 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధం తర్వాత రేడియో సిలోన్ చేతికొచ్చింది. కొలంబో నుంచి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా కోసం దేశమంతా చెవులు రిక్కించింది. తెలుగు పాటల కోసం మనవాళ్ళు మీనాక్షి పొన్నుదొరై గొంతుకు అలవాటు పడ్డారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలయ్యాకే ఆకాశవాణి ఆ శ్రోతల్లో కొందరిని వెనక్కు తెచ్చుకోగలిగింది.

ఇంకో సంగతి చాలామంది గమనించి ఉండరు. ఉపగ్రహాలు రాకముందు ఢిల్లీ నుంచి చదివే తెలుగు వార్తలను మన స్టేషన్లు షార్ట్‌వేవ్‌లోనే పట్టుకుని, మీడియం వేవ్‌లో తిరిగి ప్రసారం చేసేవి. విజయవాడ కేంద్రం పెట్టుకుని విన్నా వార్తల వేళకు గొంతు సన్నగిల్లి, మళ్ళీ ఉబికి, వెనక హోరు వినిపించేది అందుకే. తమ సెట్టులో షార్ట్‌వేవ్ లేనివాళ్ళు కూడా అలా రోజూ షార్ట్‌వేవ్ విన్నారు.

ఆ రోజుల ఇంటికీ ఇవాళ్టి ఇంటికీ ఒక పెద్ద తేడా ఉంది. ఆ ఇంట్లో కరెంటు మీద నడిచేవి నాలుగు బల్బులు, ఒక ఫ్యాను. ఇప్పుడు ఎల్‌ఈడీ ట్యూబులు, ఫోన్ ఛార్జర్లు, వైఫై రౌటరు, సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టరు, ఫ్యానుకు ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు, డాబా మీద సోలార్ ప్యానెళ్ళు. వీటిలో చాలావాటిలో కరెంటును క్షణానికి వేల సార్లు ఆపి వదిలే సర్క్యూట్లుంటాయి. అలా ఆపి వదిలినప్పుడల్లా పుట్టే రొద సరిగ్గా మీడియం వేవ్, షార్ట్‌వేవ్ జాగాలోనే పడుతుంది. చవకరకం ఛార్జర్లలో దాన్ని అడ్డుకోవలసిన చిన్న ఫిల్టరు భాగాలు చాలాసార్లు ఉండవు. ఎంత ఖరీదైన సెట్టు తెచ్చినా, గదిలోని రొద దూరపు స్టేషను కంటే బలంగా ఉంటే వినబడేది రొదే.

అందుకే కొనుగోలు అంగడిలో కాదు, ఇంట్లో మొదలుపెట్టాలి. మీడియం వేవ్ ఉన్న ఏ పాత ట్రాన్సిస్టరైనా చాలు. రాత్రి ఎనిమిదింటికి, స్టేషను లేని చోట ముల్లు ఆపి, శబ్దం పెంచి, ఇల్లంతా తిరగాలి. టీవీ దగ్గర గరగర, ఛార్జరు దగ్గర కీచుమని సన్నటి ఈల, ఎల్‌ఈడీ ట్యూబు కింద గుయ్యిమనే మోత. ఛార్జరు ప్లగ్గు పీకి చూడండి; ఈల ఠక్కున ఆగితే దొంగ దొరికినట్టే. మెయిన్ స్విచ్ ఆపి ఇంకోసారి వినాలి. అప్పుడూ రొద తగ్గలేదంటే అది పక్క ఫ్లాటుదో, వీధి దీపానిదో. ఆఖరున రేడియో పట్టుకుని బాల్కనీకో డాబా మీదికో వెళ్ళాలి. ఏ మూలలో ఇల్లు నిశ్శబ్దంగా ఉందో అదే రేడియో మూల. ఆ మూలను బట్టే సెట్టు.

ఇక సెట్టు సంగతి. ఆన్‌లైన్ అంగళ్ళలో, పాత ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఎక్కువగా కనిపించేవి పెట్టె మీద పది బ్యాండ్లు, పన్నెండు బ్యాండ్లు, వరల్డ్ రిసీవర్ అని రాసి ఉన్నవి. అంకె చూసి మోసపోకూడదు. ముల్లుతో చూపించే చిన్న సెట్లలో 31 మీటర్ల బ్యాండు మొత్తం ఒకటి రెండు సెంటీమీటర్ల గీత మీద ఇమిడి ఉంటుంది. గోరంత కదిలిస్తే మూడు స్టేషన్లు దాటిపోతాయి. 9690 ఎక్కడో 9740 ఎక్కడో కళ్ళకు తెలియదు. పైగా ఇలాంటి చవక సెట్లలో ఒకే స్టేషను రెండు చోట్ల తగులుతుంది. లోపలి సర్క్యూటు అన్ని స్టేషన్లనూ 455 కిలోహెర్ట్జ్‌కు మార్చుకుని వింటుంది. దానికి రెట్టింపు, అంటే 910 కిలోహెర్ట్జ్ కింద, బలమైన స్టేషను నీడ పడుతుంది. 9700 మీద ఉన్న స్టేషను 8790 దగ్గర కూడా పలికిందంటే కారణం అదే. స్టేషన్లు ఎన్నో దొరుకుతున్నాయని సంతోషించేలోగా సగం నీడలేనని తేలుతుంది.

బ్యాండ్ల మధ్య ఖాళీలు వదిలే సెట్లు కూడా చాలా ఉన్నాయి. ప్రసారాలు 2.3 నుంచి 26.1 మెగాహెర్ట్జ్ దాకా ఉంటాయి గనుక ఆ మొత్తం తెగకుండా అందే సెట్టే కొనాలి. కిలోహెర్ట్జ్‌లో అంకె చూపించే తెర, ఫ్రీక్వెన్సీ నేరుగా కొట్టే కీప్యాడ్, ఒక్కొక్క కిలోహెర్ట్జ్ చొప్పున కదిలే చక్రం ఉండాలి. ఈ మూడూ లేని షార్ట్‌వేవ్ రేడియో ఇవాళ కొనడం దండగ. సరదాకు మీటర్ల లెక్క తెలుసుకోవాలంటే 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే సరి: 6.1 మెగాహెర్ట్జ్ దగ్గర 49 మీటర్లు, 15.5 దగ్గర 19 మీటర్లు అని బ్యాండ్ల పేర్లు వచ్చింది అలాగే.

పగలు పై బ్యాండ్లు, రాత్రి కింది బ్యాండ్లు. భూమికి వంద నుంచి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున ఎండకు విద్యుదావేశం పొందిన పొరలు ఈ తరంగాలను వంచి కిందికి పంపుతాయి. పగటి పూట అడుగున ఏర్పడే ఒక పొర కింది ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం 49 మీటర్లు బోసిగా ఉంటుంది. 16, 19 మీటర్లు పలుకుతాయి. సూర్యుడు దిగాక ఆ పొర కరిగిపోయి 49, 41, 31 మీటర్లు కిక్కిరిసిపోతాయి. కొత్త సెట్టును మధ్యాహ్నం విప్పి, 6 మెగాహెర్ట్జ్ దగ్గర ఏమీ పలకలేదని వాపసు పంపేవాళ్ళున్నారు. సూర్యుడి మచ్చల పదకొండేళ్ళ చక్రం కూడా లెక్కలోకి వస్తుంది. 2019 చివర్లో మొదలైన ఇప్పటి చక్రం 2024 ప్రాంతంలో శిఖరానికి చేరింది. ఇక్కడి నుంచి దిగుతూ పోయేకొద్దీ పై బ్యాండ్లు నెమ్మదిగా చిక్కిపోయి, కింది బ్యాండ్ల మీద భారం పెరుగుతుంది. రాబోయే అయిదారేళ్ళు దగ్గర పెట్టుకునే సెట్టు 5, 6, 7 మెగాహెర్ట్జ్ దగ్గర శుభ్రంగా పలకడం ముఖ్యం. ఇంటి రొద ఎక్కువగా ఉండేదీ ఆ కింది వైపే.

సెట్టుకు సున్నితత్వం ఎంత అని అందరూ అడుగుతారు. ఈనాటి మంచి సెట్లలో అది సరిపడా ఉంటుంది. అడగవలసింది పక్క స్టేషనును ఎంత బాగా వేరుచేస్తుందని. షార్ట్‌వేవ్‌లో స్టేషన్లు అయిదేసి కిలోహెర్ట్జ్ దూరంలో ఇరుక్కుని ఉంటాయి. వినే వెడల్పును 6, 4, 3, 2 కిలోహెర్ట్జ్ అని మార్చుకునే వీలుంటే, పక్కవాడు గట్టిగా అరుస్తున్నప్పుడు సన్నం చేసుకోవచ్చు. బ్యాండు ఖాళీగా ఉన్నప్పుడు వెడల్పు చేసుకుని పాట నిండుగా వినవచ్చు. 2000ల చివర్లో వచ్చిన సిలికాన్ ల్యాబ్స్ 4734, 4735 చిప్పులు చిన్న సెట్లకు కూడా ఈ సౌకర్యం తెచ్చాయి. అంతకుముందు ఇది పెద్ద ఖరీదు సెట్ల సొత్తు. ఈ చిప్పులకు ఒక దురలవాటు ఉంది. సిగ్నలు బలహీనపడగానే అవి గొంతు తగ్గించేస్తాయి. హోరు వినిపించకుండా ఉండాలని చేసిన ఏర్పాటు అది. కానీ హోరులో నుంచి మాట ఏరుకునే చెవికి అది అన్యాయం. చక్రం తిప్పుతుంటే అంకె అంకెకూ శబ్దం తెగిపోయే సెట్లు కూడా ఉన్నాయి. బ్యాండు ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా తిప్పుతూ వినడంలో ఆనందం పొందేవాళ్ళు కొనేముందు ఈ ఒక్కటీ తప్పక కనుక్కోవాలి.

షార్ట్‌వేవ్ మీద మాట కొన్నిసార్లు నీళ్ళు పుక్కిలిస్తూ మాట్లాడినట్టు చెదురుతుంది. స్టేషను పంపే తరంగంలో నడుమ ఒక మూల తరంగం, దానికి అటూ ఇటూ మాట మోసే రెండు రెక్కలు ఉంటాయి. ఆకాశంలో వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు కలిసినప్పుడు ఒక్కోసారి మూల తరంగం మాత్రమే కుంగిపోతుంది, రెక్కలు మిగులుతాయి. అప్పుడే ఆ చెదురు. సింక్ అనే మీట ఉన్న సెట్టు ఆ క్షణంలో తన సొంత తరంగాన్ని నడుమ నిలబెట్టి మాటను గట్టెక్కిస్తుంది. కింది రెక్కనో పై రెక్కనో ఒక్కదాన్నే వినే వీలు కూడా ఇస్తుంది గనుక రొద ఉన్న వైపును వదిలేసుకోవచ్చు. రొద ఎక్కువున్న ఊళ్ళలో, అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకు ఏ ఇతర హంగు కంటే ఇదే ఎక్కువ ఉపయోగం. సోనీ ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ7600జీఆర్ పేరు ఇవాళ్టికీ శ్రోతల నోట నానడానికి కారణం దాని సింక్. 2001లో వచ్చిన ఆ సెట్టు ఇప్పుడు తయారీలో లేదు. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే సెల్లులు పెట్టే గూడు తెరిచి చూడాలి. ఆకుపచ్చ చిలుము కనిపిస్తే, యాంటెన్నా కడ్డీ మొదట్లో ఊగుతుంటే, వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరలాడితే వదిలేయడమే మంచిది.

కొత్తవాటిలో చైనా సంస్థ టెక్‌సన్ ఈ రంగంలో ముందుంది. అరచేతిలో పట్టే పీఎల్-330 చాలా ఇళ్ళకు సరిపోయే సెట్టు. సింక్ ఉంది, హ్యామ్‌ల, అంటే అభిరుచి కొద్దీ రేడియోలో మాట్లాడుకునేవాళ్ళ, మాట వినే వీలుంది, బయటి ఏరియల్‌కు గుచ్చే రంధ్రం ఉంది. దీనికి వాడే బీఎల్-5సీ బ్యాటరీ ఒకప్పటి నోకియా 1100లో ఉండేదే, అంటే మండల కేంద్రంలో మొబైల్ కొట్టు ఏదైనా అది ఇవ్వగలదు. ఎన్నో ఏళ్ళు వాడవలసిన వస్తువుకు ఇది చిన్న సుగుణం కాదు. పీఎల్-660, దాని తమ్ముడు పీఎల్-680 కాస్త పెద్దవి, నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తాయి, వీటికీ సింక్ ఉంది. కరెంటు సరిగా ఉండని పల్లెల్లో సెల్లులతో నడిచేదే మేలు. పాట కోసం వినేవాళ్ళకు పీఎల్-880 స్పీకరు మంచిది. అయితే దాని సింక్ మీద ఆశ పెట్టుకోకూడదు, అది కావాలంటే పీఎల్-990 వైపు చూడాలి. ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 తక్కువ ధరలో ఎక్కువ పనులు చేస్తుంది, విమానాల బ్యాండు కూడా వింటుంది, కానీ సింక్ లేదు. పీఎల్-310ఈటీ ఇంకా చిన్నది, మూడు పెన్సిల్ సెల్లులు చాలు. హ్యామ్‌ల సంభాషణ అక్కర్లేనివాళ్ళకు అది తేలికైన తోడు.

డీ-808, పీఎల్-880 లాంటి సెట్లలో 18650 అనే లిథియం సెల్లు ఉంటుంది. మార్చవలసి వస్తే ఒక జాగ్రత్త: ఆ సైజు సెల్లుకు నిజమైన సామర్థ్యం ఎక్కువలో ఎక్కువ 3500 ఎంఏహెచ్‌కు అటూ ఇటూనే. దాని మీద 9900 అని అచ్చేసి అమ్మేవి నకిలీలు. ఇంకా ముఖ్యం, ఏ సెట్టయినా ఛార్జరు తగిలించి షార్ట్‌వేవ్ వినకూడదు. పగలు ఛార్జింగ్, రాత్రి వినడం.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లల చేత తెప్పించుకునేవాళ్ళు మీడియం వేవ్ అమరిక కూడా చూసుకోవాలి. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లు తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి, అమెరికాలో పదేసి. అక్కడి అమరికతో వచ్చిన సెట్టు 730 నుంచి 740కి గెంతుతుంది. నడుమ 738 మీద ఉన్న హైదరాబాద్‌ను దాటిపోతుంది. విజయవాడ 837, విశాఖపట్నం 927 కూడా అంతే. కడప 900 మాత్రం రెండు లెక్కలకూ చిక్కుతుంది. టెక్‌సన్ సెట్లలో ఈ అమరిక మార్చుకోవచ్చు. కొన్ని పాత అమెరికా సెట్లలో కుదరదు. రేడియో ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళ కోసమైతే, ఆకాశవాణి హైదరాబాద్, వివిధ భారతి మాత్రమే వింటారనుకుంటే, ఈ హంగులన్నీ పక్కనపెట్టి పెద్ద చక్రం, పెద్ద అంకెలు, మంచి స్పీకరు ఉన్న మామూలు సెట్టు కొనివ్వడమే ప్రేమ. మెనూలు, మీటలు వెతుక్కోవలసిన యంత్రాన్ని బహుమతిగా ఇస్తే అది వారంలో అల్మరా ఎక్కుతుంది.

డిజిటల్ రేడియో, అంటే డీఆర్‌ఎం గురించి కూడా అడుగుతుంటారు. ఆకాశవాణి తన మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను చాలాచోట్ల అందుకు సిద్ధం చేసింది. పైన చెప్పిన సెట్లు ఏవీ దాన్ని వినలేవు. డయల్ మీద ఎక్కడైనా ఒకే తీరున నిండుగా, ఎగుడుదిగుడు లేకుండా మోగే హోరు తగిలితే సెట్టు చెడిందని అనుకోనక్కర్లేదు. అది డిజిటల్ ప్రసారం కావచ్చు.

హ్యామ్‌ల మాట వినే వీలు, అంటే ఎస్‌ఎస్‌బీ, అందరికీ అవసరం లేదు. కానీ ఆ తలుపు ఒకసారి తెరిచినవాళ్ళు మూయలేరు. 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉదయం వేళ వీయూ2, వీయూ3 అని మొదలయ్యే మన దేశపు కాల్‌సైన్లు వినిపిస్తాయి. మామూలు సెట్టులో ఆ మాటలు అర్థం లేని గురగురగా ఉంటాయి. ఎస్‌ఎస్‌బీ మీట నొక్కి చిన్న చక్రం వెంట్రుకవాసి తిప్పుతుంటే గొంతు కొద్దికొద్దిగా మనిషి గొంతవుతుంది. 10 మెగాహెర్ట్జ్ కింద కింది రెక్క, పైన పై రెక్క పెట్టుకోవాలన్నది హ్యామ్‌ల ఆనవాయితీ. ఈ అభిరుచికి మన దేశంలో పెద్ద కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది: నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను కొట్టినప్పుడు, అదే సంస్థ తరఫున హ్యామ్ యాత్ర మీద వెళ్ళిన భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారు. ఫోన్లు మూగబోయిన వేళ ఆమె బృందం షార్ట్‌వేవ్ మీదనే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య సమాచారం నడిపింది. ఆ సంభాషణలు వినడానికి లైసెన్సు అక్కర్లేదు, మాట్లాడటానికి కావాలి. ఒకప్పుడు పాటలు, వార్తలు వినే రేడియోకే పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో బిళ్ళ అంటించుకోవలసి వచ్చేది. 1980లలో ఆ బెడద తీరింది.

సెట్టు కొన్నాక కూడా డబ్బు మిగిలితే ఇంకో సెట్టు కొనకండి, తీగ కొనండి. అయిదు నుంచి పది మీటర్ల పూత ఉన్న సన్నటి రాగి తీగ, చివర ఒక మొసలి క్లిప్పు. క్లిప్పును యాంటెన్నా కడ్డీకి తగిలించి, తీగను కిటికీలోంచి బయటికి, గోడకు దూరంగా, కరెంటు తీగల దరిదాపుల్లోకి పోకుండా లాగాలి. ఇంట్లో ఈసురోమంటున్న సెట్టు ఒక్కసారిగా ప్రాణం పోసుకుంటుంది, ఎందుకంటే తీగ రొదను దాటి బయటికి వెళ్ళింది. మరీ పొడవైతే చిన్న సెట్లు తట్టుకోలేవు. బలమైన స్టేషన్లు డయల్ అంతటా పాకుతాయి. అప్పుడు సెట్టు పక్కనున్న మీటను డీఎక్స్ నుంచి లోకల్‌కు జరపాలి. ఉరుములు వినిపిస్తే మాత్రం ఆలోచించకుండా తీగ విప్పేయాలి. పిడుగు ఇంటి మీదే పడనక్కర్లేదు, దూరంగా పడ్డ పిడుగు తీగలోకి తెచ్చే విద్యుత్తు చాలు సెట్టు లోపలి మొదటి ట్రాన్సిస్టరును కాల్చడానికి. మీడియం వేవ్‌కు మాత్రం ఈ కడ్డీ, తీగ పని చేయవు. సెట్టు లోపలే ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. రేడియోను బల్ల మీదనే మెల్లగా గుండ్రంగా తిప్పితే ఒక దిక్కున రొద కుంగి, స్టేషను పైకి తేలుతుంది.

తిరిగి ఇచ్చే గడువు ఉన్న చోటే కొనాలి, ఆ గడువులోనే పరీక్ష ముగించాలి. పొద్దుగూకాక, ఛార్జరు తీసేసి, ఇంట్లో ముందే వెతికి పెట్టుకున్న నిశ్శబ్దపు మూలలో. 5, 10, 15 మెగాహెర్ట్జ్ మీద చైనాలోని బీపీఎం కాల సంకేత కేంద్రం సెకనుకొక టిక్కు చొప్పున పంపుతుంది. వాటిలో ఒకటి సాధారణంగా మన వైపు దొరుకుతుంది, డయల్ అంకె నిజమో కాదో దానితో తేల్చుకోవచ్చు. అనుకున్న స్టేషను పలకకపోతే సెట్టును నిందించే ముందు, నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం 2008 నుంచి నడుపుతున్న, ఇంటర్నెట్‌లో ఎవరైనా తిప్పుకోగల షార్ట్‌వేవ్ రేడియోలో అదే ఫ్రీక్వెన్సీ పెట్టి చూడవచ్చు. అక్కడా లేకపోతే, స్టేషనే వేళ మార్చుకుందేమో చూసుకోవాలి. షార్ట్‌వేవ్ స్టేషన్లు ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం పట్టీలు మారుస్తాయి. పాత పట్టీ పట్టుకుని కూర్చుంటే ఖాళీ హోరే దక్కుతుంది.

విన్నాక స్టేషనుకు రాయడం మరిచిపోకూడదు. ఉత్తరాలు, ఈమెయిళ్ళు వచ్చే భాషా విభాగానికి బడ్జెట్ల వేళ చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. బదులుగా చాలా స్టేషన్లు క్యూఎస్‌ఎల్ అనే బొమ్మ కార్డు పంపుతాయి. రిపోర్టులో తేదీ, ఫ్రీక్వెన్సీ, కార్యక్రమంలో విన్న రెండు మూడు సంగతులు, సెట్టు, ఏరియల్ వివరాలు రాయాలి. సిన్‌పో పద్ధతిలో సిగ్నలు బలం, ఇతర స్టేషన్ల అడ్డు, రొద, తరంగ ప్రయాణం, మొత్తం మీద ఎలా ఉందన్న అయిదింటికీ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయాలి. సమయం యూటీసీలో ఉండాలి. మన గడియారం చూపే దానిలోంచి అయిదున్నర గంటలు తీసేస్తే అది వస్తుంది: రాత్రి తొమ్మిదింటికి విన్నది 15:30.